మిర్చి గోడౌనులో నాన్న పద్యం

మావయ్య పోయాడని తెనాలి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది ఆయన కొడుకు. "ఇడ్లీ తిన్నాడు వదినా. కాఫీ చల్లారిపోయిందని అమ్మ మీద విసుక్కున్నాడు. అమ్మ వేడిచేసి తెచ్చేసరికి పడక్కుర్చీలో అలాగే ఒరిగిపోయి ఉన్నాడు" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు ఊపిరి పీల్చుకున్నాను. మంచాన పడి ఒకరిచేత చేయించుకోవాల్సి వస్తుందేమోనన్న భయం తప్ప ఆఖరి రోజుల్లో మావయ్యకి వేరే దిగులేమీ లేదు. ఆ దిగులు నిజం కాకుండానే దాటిపోయాడు. కాఫీ వేడిగా ఇవ్వలేకపోయానని అత్త మాత్రం ఇంకా అంటూనే ఉంది.

మర్నాడు పేపర్లో ఒక మూల మిర్చి వ్యాపారి అని వేశారు. తప్పేం కాదు. కానీ మిర్చి వ్యాపారం మానేసి ఆయనకి చాలా ఏళ్లయింది. మా వైపు నాటకాలాడేవాళ్లకీ, హరికథలు చెప్పేవాళ్లకీ ఆయన కాలవ గట్టు మీద రికార్డింగ్ స్టూడియో నడిపిన మనిషిగానే తెలుసు. ఒక మిర్చి వ్యాపారి స్టూడియో ఎందుకు పెట్టాడో తెలిసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. నేను మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. మిర్చి కొనేటప్పుడు ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గింజలు గలగలమంటే సరిగ్గా ఎండినట్టు. "నాకు తెలిసిన సంగీతం ఇదొక్కటే" అనేవాడు. ఇంత మిర్చి అమ్మిన మనిషి ఇంట్లో కారం ముట్టేవాడు కాదు. పెళ్లి భోజనాల్లో కూడా ముద్దపప్పూ, పెరుగూ వేసుకుని లేచిపోయేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "అమ్మే సరుకు తినేస్తే వ్యాపారం ఏం సాగుద్దండి" అనేవాడు.

మా నాన్న రేపల్లెలో డ్రిల్లు మాస్టారు. పగలు పిల్లల మీద అరిచేవాడు, శనివారం వచ్చిందంటే మొహానికి రంగేసుకుని రాజు వేషం కట్టేవాడు. బాపట్లలో, రేపల్లెలో, చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పద్యం కోసం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఒక పద్యం చివర రాగం తీయడం మొదలుపెడితే జనం బీడీలు కింద పెట్టేవాళ్లు. మావయ్యకి మాత్రం ఆ రాగం అంటే హేళన.

"మా బావ రాగం ఎత్తుకున్నాక నేను ఇంటికెళ్లి, భోంచేసి, తాంబూలం కూడా వేసుకుని రావచ్చు."

"మిరపకాయలు తూచేవాడివి నీకేం తెలుసురా" అనేవాడు నాన్న.

వాళ్లిద్దరూ ఎదురుపడితే ఇదే వరస. నాటకాలంటే పడదని చెప్పుకునే మావయ్య, నాన్న వేషం కట్టిన చోటల్లా జనం వెనకాల సోడా బండి దగ్గర నిలబడి ఉండేవాడని అత్త చెప్పేది. అడిగితే వసూలుకి వచ్చానని బుకాయించేవాడట.

డెబ్బైల మొదట్లో నాన్న గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల పాలు, శొంఠి కషాయం అన్నీ అయ్యాక మావయ్యా నేనూ గుంటూరు తీసుకెళితే డాక్టరు చూసి గొంతులో కాయ ఉందన్నాడు. "కోసి తీసేయాలండి. ప్రాణానికి భయం లేదు. గొంతు ఎలా మిగులుతుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను. నెలలోపు చేయించేయండి" అన్నాడు. తిరుగు రైల్లో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇన్నేళ్లు పాడిన మనిషి పద్యం ఒక్కటంటే ఒక్కటి కూడా ఎక్కడా రికార్డు కాలేదని నాకు ఆ రైల్లోనే తట్టింది. మావయ్యకీ అదే తట్టినట్టుంది. తెనాలి స్టేషన్లో దిగుతూ, "బావా, నీ పద్యాలు టేపు మీద ఎక్కించాకే ఆపరేషను" అన్నాడు.

రికార్డింగ్ స్టూడియోలున్న మద్రాసుకి ప్రయాణం వద్దని డాక్టరు ముందే చెప్పాడు. బాపట్లలో ఒక మైకుసెట్టు ఆయన దగ్గర పెద్ద చక్రాల టేపురికార్డరు ఉంది. నేను అప్పుడు బాపట్లలో కాపురం, అక్కడే స్కూల్లో పని. ఆయన్ని నేనే మాట్లాడి తెనాలి తీసుకొచ్చాను. మావయ్య ఇంటి హాల్లో ఒక పద్యం పాడించి వేసి వింటే, నాన్న గొంతు కంటే కాకులూ, రిక్షా గంటలూ, పక్కింటి రోకలి దంపుడూ గట్టిగా వినపడ్డాయి. మైకాయన తల అడ్డంగా ఊపాడు. "మందం గోడలుండి, కిటికీలు లేని చోటు కావాలండి షావుకారుగారూ."

అలాంటి చోటు మావయ్యకి ఉంది. మిర్చి బేరాలన్నీ గుంటూరుకి తరలిపోయాక కాలవ గట్టు మీద ఆయన గోడౌను ఖాళీగా పడి ఉంది.

బంధువులంతా ఆయనకి మతి పోయిందన్నారు. మావయ్య పట్టించుకోలేదు. దూలాల మీద పావురాళ్లని తోలించాడు. పెంకుల కింద తడికలు కట్టించి, ఉన్న నాలుగు వెంటిలేటర్లూ ఇటుకలతో మూయించాడు. తలుపు సందుల్లో కొబ్బరి పీచు కుక్కించాడు. గోడలు కడిగినకొద్దీ ఎర్రటి నీళ్లే వచ్చాయి. ఆ నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగించి, సున్నం వేయించాడు. పనివాళ్లు దగ్గుతూనే చేశారు. నేను ఆదివారం ఆదివారం వెళ్లి చూసేదాన్ని. "ఏడవడానికి టైముందమ్మాయ్, ముందు ఆ మేకులందుకో" అనేవాడు నా మొహం చూసి.

గోడలు తెల్లబడ్డాక మైకాయన మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. ఒక్క చప్పుడుకి నాలుగు తిరిగొచ్చాయి. గోడలకి గోనెపట్టాలు కొడితే తగ్గుతుందని చెప్పాడు.

"గోతాలకేం కరువండి మనకి" అన్నాడు మావయ్య. గోడౌను వెనక కొట్టంలో ఖాళీ గోతాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని కోసి, రెండేసి పొరలు కుట్టించి, నేల నుంచి దూలాల దాకా కొట్టించేశాడు. గది ఒక్కసారిగా మూగబోయింది. మావయ్య జేబులోంచి ఒక ఎండుమిరపకాయ తీసి ఊపాడు. ఆ చివర నిలబడ్డ నాకు గింజల చప్పుడు వినపడింది. ఆ రోజు ఆయన మొహంలో సంతోషం చూసి నాకూ ధైర్యం వచ్చింది.

తర్వాతి ఆదివారం పక్కనున్న రైసుమిల్లుకి సెలవు. నాన్న శుభ్రంగా తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. పద్యానికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అంతే, దగ్గు తెర. ఆగదు. కళ్లు ఎర్రబడ్డాయి, మైకాయన తుమ్ముతున్నాడు, నేను ముక్కు మూసుకున్నాను. ఏమైందో తెలియక మావయ్య ఒక్కడే మా అందరినీ తెల్లబోయి చూస్తున్నాడు. గోడలు అన్నిసార్లు కడిగించిన మనిషి, కడిగిన గోడలకి మళ్లీ మిర్చి గోతాలే కొట్టించాడు. జీవితమంతా ఆ ఘాటులో బతికిన ముక్కుకి ఆ వాసనే తెలియలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "గొంతు బాగోలేని మనిషిని తీసుకొచ్చి కారం సంచిలో పెడతావా మావయ్యా" అని అరిచాను. మావయ్య నాన్నకి మంచినీళ్లిచ్చి, వీపు రాసి, రిక్షా ఎక్కించాడు. వెనక్కి వచ్చి ఒక్కొక్క గోతమే ఊడబీకడం మొదలుపెట్టాడు. ఆ దగ్గుకి నాన్న గొంతు పూర్తిగా పడిపోయింది. ఆ వారమంతా పలక మీద రాసి చూపించేవాడు. ఆపరేషనుకి మిగిలింది ఇంకొక్క ఆదివారమే.

మర్నాడు మావయ్య రిక్షా మాట్లాడుకుని వీధి మీద పడ్డాడు. ఇంటింటికీ వెళ్లి, గోతాల బదులు గోడలకి కొట్టడానికి బొంతలు అడిగాడు. చలి గట్టిగా ఉన్న రోజులు. ఒకావిడ గుమ్మంలో నిలబడి, "పిల్లలకి కప్పేందుకు ఇదొక్కటే ఉందన్నయ్యగారూ" అందట. "అయితే పిల్లల్ని మా ఇంటికి పంపించమ్మా. మా ఆవిడ పక్కలో పడుకుంటారు" అన్నాడట. ఆ పిల్లలు నిజంగానే వచ్చారు. అత్త తన బూరుగుదూది పరుపు విప్పిచ్చేసి చాప మీద పడుకుంది. చీరాలలో నేతపని చేసే మా అత్తవారి బంధువుల దగ్గర నేను నూలు పీచు మూటలు పట్టించుకొచ్చాను. శనివారానికి గోడౌను నిండా రంగురంగుల పాత చీరల బొంతలే. తెనాలి ఆడవాళ్ల చీరలన్నీ ఒకచోట చూడాలంటే ఇక్కడికే రావాలంది అత్త.

ఆదివారం నాన్న లోపలికొచ్చి మొదట గాలి వాసన చూశాడు. మావయ్య ఎదురుగా పీట వేసుకుని, తన దగ్గూ తుమ్మూ టేపు మీదకి ఎక్కకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. నాన్నకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే గొంతు కాస్త విడింది. పద్యం ఎత్తుకున్నాడు. బొంగురు ఉంది, కానీ దాని కింద పాత గొంతు ఉంది. ఒకదాని తర్వాత ఒకటి, ఓపిక ఉన్నంతవరకు పాడాడు. ఆఖరి పద్యం రాగం తీస్తుంటే మెడ నరాలు ఉబ్బాయి. ఆపమందామని నేను లేవబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

అయ్యాక మైకాయన, "వేసి వినిపిస్తానండి" అన్నాడు.

మావయ్య తువ్వాలు తీసి, "వద్దండి" అన్నాడు. "మా బావకి మాట వచ్చాక అందరం కూర్చుని విందాం."

"రాకపోతేనండి?"

"రాకపోతే వినే ఓపిక నాకు లేదు. ఇటివ్వండి."

సరిగా ఎక్కిందో లేదో చూసుకోవద్దా అని నేను పోట్లాడాను. విననే లేదు. ఆ టేపు చక్రం తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

ఆపరేషను అయింది. నాన్నని నోరు విప్పొద్దన్నారు. మావయ్య రోజూ రైలెక్కి గుంటూరు వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. నాన్న మాట్లాడకూడదు కదా, ఆ లోటంతా ఆయన తీర్చేవాడు. ఊళ్లో సంగతులు, మిర్చి ధరలు, ఎవరింటి బొంత ఎలా ఉందో, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. భయమేసినప్పుడు మావయ్యకి మాటలెక్కువ. డాక్టరు వచ్చి కట్టు విప్పి, "ఇప్పుడు నెమ్మదిగా ఒక మాట అనండి" అన్న రోజు నేనూ ఉన్నాను. మావయ్య అప్పుడు కూడా ఏదో చెబుతూనే ఉన్నాడు. నాన్న ఆయన వైపు తిరిగాడు.

"ఏరా, కాసేపు నోరు మూస్తావా."

సన్నగా, గరగరగా ఉంది. కానీ అది మా నాన్న మాటే. మావయ్య నోరు మూశాడు. లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా బాగా ఏడ్చాను. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

ఆ గోడౌను తర్వాత ఎన్నో ఏళ్లు స్టూడియోగా నడిచింది. ఎవరి బొంతలు వాళ్లకిచ్చేసి, వాటి బదులు కొత్తవి కుట్టించాడు మావయ్య. మా చుట్టుపక్కల నాటక సమాజాలన్నీ, బుర్రకథ దళాలూ అక్కడ పాడి వెళ్లాయి. ఎరువుల కొట్ల ప్రకటనలు కూడా అక్కడే చదివేవాళ్లు. పాడే గొంతు నాన్నకి తిరిగి రాలేదు. డ్రిల్లు పీరియడ్లో అరవడం మానేసి ఈల కొన్నాడు. దానికి మేమెవరం బాధపడలేదు. మనిషి ఉన్నాడు, మాట ఉంది, ఆ పాత పద్యం టేపు మీద ఉంది.

ఆ టేపు విన్న రోజు గురించి చెప్పి ముగిస్తాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం గోడౌనులో చేరాం. మావయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అత్తకిచ్చి టేపు తెప్పించాడు. మైకాయన చక్రం ఎక్కించాడు. కాసేపు గరగర, తర్వాత నాన్న ఊపిరి పీల్చుకున్న చప్పుడు, ఆ తర్వాత పద్యం. ఒక్క కాకి లేదు, ఒక్క గంట లేదు. ఆ గొంతు ఒక్కటే గదంతా నిండింది. నాన్న తల ఊపుతూ వింటున్నాడు.

"మూడో పాదంలో తొందరపడ్డాను" అన్నాడు తన కొత్త గొంతుతో. అని, ఇక హేళన మొదలవుతుందని మావయ్య వైపు తిరిగాడు.

మావయ్య గోడకి చేరగిలబడి, బొంతలకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఆపరేషను రోజు నుంచి ఆ మనిషికి కంటి మీద కునుకు లేదని అత్త మెల్లగా చెప్పింది. టేపులో రాగం మొదలైంది, పైకి వెళుతోంది. మావయ్య కదల్లేదు. లేపనా అని సైగ చేశాను.

నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. వంగి, టేపురికార్డరు మరను తనే తిప్పి తన గొంతు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. తర్వాత చప్పుడు కాకుండా వెళ్లి మావయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు.