ఆపా చూడని పేజీలు

రెండువేల పదకొండులో డిగ్రీ చదువుతుండగా ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ నా చేతికి తగిలింది. అమ్మకు చెబితే పిన్నికి చెబుతుంది, పిన్నికి తెలిస్తే శామీర్‌పేటంతా తెలిసినట్టే. ఎవరికీ చెప్పకుండా బస్టాండు వెనక నెట్ సెంటర్‌కు వెళ్లాను.

ఇంటి ముందుగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి నడిపే ఆ ముస్లిం ఆవిడను అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. ఆ గడ్డ గురించి గంటసేపు చదివాను. పైనున్న ఎర్ర గుర్తు నొక్కి మూసేస్తే నేను చూసిందంతా పోతుందనుకున్నాను, నా తెలివి అంతే మరి. నేను లేవగానే ఆపా వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. తెర కనబడకుండా ముఖం గోడవైపు తిప్పుకుని, మూడు బటన్లు కలిపి నొక్కి, ఎంటర్ కొట్టింది.

"మూస్తె పోదు బిడ్డా, తుడవాలె."

ఎవరు లేచినా ఆమె అంతే చేసేది.

నేను అక్కడ గంటసేపు కూర్చున్నానని ఎవరో మా అన్న చెవిన వేశారు. ఎవడితోనో చాటింగ్ చేస్తున్నానని వాడి అనుమానం. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

"నిన్న మా చెల్లె ఏం జూసింది ఆపా?"

"తెల్వదు. తుడిచేసిన."

"ఎందుకు తుడిచినవ్?"

ఆపా రిజిస్టర్ తెరిచింది. "పేరు రాయాలె, గది సర్కారు రూలు. ఏం జూసిన్రో రాయమని ఎవ్వలు జెప్పలె. మొన్న నువ్వు జూసింది గూడ తుడిచిన బేటా. ఇగ నుంచి ఉంచమంటె ఉంచుత. మీ బాపు అడిగితె ఆయనకు గూడ సూపియ్యాలె మరి."

అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వద్దులే ఆపా" అని గొణిగి, నన్నక్కడే వదిలేసి బండెక్కాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

"ఆపా, నేను జూసింది ఏందంటే..." అన్నాను.

చెయ్యి అడ్డం పెట్టి, భయపడ్డ నా ముఖం కేసి చూసింది. "నాకెందుకు? డాక్టర్‌కు జెప్పేదా?"

తలూపాను.

"ఒక్కదానివే పోతవా?"

అప్పుడు ఏడ్చేశాను. ఆమె షట్టర్ దించి, బుర్ఖా వేసుకుని, ఆటో పిలిచింది.

మేడ్చల్‌లో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, ఈ వయసులో చాలామందికి వచ్చే గడ్డే, ప్రమాదం లేదంది. బయటికొచ్చేసరికి ఆపా బెంచీ మీద కళ్లు మూసుకుని, అరచేతులు చాచి కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. నాకేమయిందో తెలియకుండానే నాకోసం దేవుడికి దువా చేస్తోంది.

కళ్లు తెరిచి నా ముఖం చూసింది. "నవ్వుతున్నవ్. గంతే చాలు," అంది. ఇప్పటిదాకా ఇంకో ముక్క అడగలేదు.