అత్తమ్మ తీసిన తలుపు

పోయిన శుక్రవారం మా అత్తమ్మ నిద్రలోనే కన్నుమూసింది. పొద్దున చాయ్ పట్టుకుని వెళ్లి పిలిచి పిలిచి, చివరికి చెయ్యి ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. వడ్డేపల్లి దాటితే ఆమె ఎవరికీ తెలియదు. మా వాడకట్టులో మాత్రం ఆమె ముక్కు గురించి కథలుగా చెప్పుకునేవారు. పాలు కాచేముందు వాసన చూసేది. చేనుకు సద్ది గంపెత్తుకునే ముందు వాసన చూసేది. కొడుకు గద్వాల నుంచి వస్తే అంగీ వాసన పట్టి ఏం తిన్నాడో చెప్పేది. "కండ్లు మోసం జేస్తయి గని ముక్కు జెయ్యదు బిడ్డా" అనేది. లింగాల నుంచి కొత్తగా కాపురానికొచ్చిన నాకు నవ్వు ఆగేది కాదు.

విత్తనాల కోసం వేసే సీడు పత్తి పూతకొచ్చిన రోజుల్లో, నాలుగో నెలలో, నాకు కడుపు పోయింది. ఆ వెనకే జ్వరం. గాలి సోకిందన్నారు. పచ్చి ఒంటిదని తలుపులు మూశారు. నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది అత్తమ్మే. ఆ పొగలో గోడలు కరిగిపోయాయి. పత్తి చేలో నడుస్తున్నాను, కాళ్లు నేలకు తగలడం లేదు. చుట్టూ లేత పసుపు పూలు. అవతలి గట్టు నుంచి ఎవరో పిలుస్తున్నారు. నిజం చెప్పాలంటే, పోవాలనే అనిపించింది.

దుప్పటి మార్చడానికి అత్తమ్మ నా మీదికి వంగింది. వంగి, ఆగిపోయింది. నిప్పుల కుంపటి ఎత్తుకెళ్లి బయట పెట్టింది. తలుపు బార్లా తెరిచింది.

"ఓ వదినా, పచ్చి ఒంటిది! గాలి దాకుతది!" మా మామ చెల్లెలు అరిచింది.

"దాకనియ్! ఈ పొగల నాకు వాసనే తెల్వకపాయె. పిల్లకు లోపట చెడిపోతుంది. జర ఆటో పిలువుండ్రి!"

గద్వాల దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. పోయిన కడుపులో కొంత లోపలే మిగిలిపోయి గర్భసంచికి ఇన్ఫెక్షన్ పట్టిందట, ఒళ్లంతా పాకుతోందట. సంచి తీయకపోతే మనిషి దక్కదంది. నా భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా మామ చెల్లెలే మెల్లగా అంది, "మరి పిల్లలెట్ల వదినా? నీకు ఒక్కడే కొడుకాయె."

"యాడి పిల్లలే? ముందుగాల ఈ పిల్ల బతకాలె. తియ్యమ్మా డాక్టరమ్మా, తీసెయ్."

నీళ్ల అడుగున ఉన్నదానిలా విన్నాను ఆ మాట. ఇప్పటికీ అట్లాగే వినిపిస్తుంది.

బతికాను. తర్వాత కొడుకుకు రెండో పెళ్లి మాట ఎవరు తెచ్చినా, "మా ఇంట్ల కోడలుంది. మీ ఇంట్ల లేకుంటే జూస్కోండ్రి" అని అత్తమ్మ సాగనంపేది. వాడకట్టులో ఎవరికి కడుపు పోయినా ముందు ఆమే పరుగెత్తేది. "జొరమొచ్చినా, వాసనొచ్చినా దవాఖానకు నడువు. పొగ గిగ బంద్!" ఎంత గట్టిగా అరిచేదో, తల్లీ!

పుట్టకుండా పోయిన ఆ బిడ్డ గురించి మాత్రం అత్తమ్మా నేనూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. నా ఏడుపు నేను దాచుకున్నాను. ఆమెకు ఆ దుఃఖం ఉందో లేదో నాకు తెలియలేదు.

నిన్న మధ్యాహ్నం కునుకు పట్టగానే కలలోకి వచ్చింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఒడిలో ఏదో ఉంది, పైన కొంగు కప్పింది. ఆ కొంగు మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. "అత్తమ్మా" అన్నాను. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. ఇప్పుడే పండుకున్నది."