వెనక పిలుపు

చేపల వేటకు బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ రోజు వేట మానుకోవలసిందే. మా ఇందుకూరుపేట తీరంలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ విషయంలో నా చాదస్తం మరీ ఎక్కువ. పెళ్ళైన కొత్తలో నా భార్య గుమ్మంలోంచి "ఏమయ్యా, క్యారేజీ మర్చిపోయినావు" అని అరిచిందని వల విసిరికొట్టి, సాయంత్రం దాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ క్యారేజీ మాత్రం ఖాళీ చేశాను.

మాకు ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చెవుడు. పక్కనే టపాకాయ పేలినా తిరిగి చూసేది కాదు. నెల్లూరులో డాక్టరు కాక్లియర్ ఇంప్లాంట్ గురించి చెప్పాడు. ఆపరేషన్ చేసి తల లోపల ఒక పరికరం పెడతారు, బయట చెవి వెనక ఒక మిషను తగిలిస్తారు, రెండూ కలిస్తేనే వినిపిస్తుంది. మా పడవ, ఇంజను, వలలు అన్నీ అమ్మినా ఆ ఖర్చుకు చాలవు. ప్రభుత్వమే చేయిస్తుందని, కాకపోతే పాపకు వయసు దాటకముందే రావాలని అన్నాడు. ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఎలాగో సమయానికి ఆపరేషన్ అయింది.

తర్వాత మాటలు నేర్పించడానికి నా భార్య పాపను చంకనేసుకుని నెల్లూరు బస్సెక్కేది. ఇంట్లో చెంబు చూపించి చెంబు, చేప చూపించి చేప అని విసుగు లేకుండా చెప్పేది. పాప చప్పుడుకు తల తిప్పేది గానీ నోరు విప్పేది కాదు. పైకి ధైర్యంగా ఉండేవాణ్ణి గానీ లోపల ఒకటే దిగులు. ఒక్కసారి నాయనా అంటే చాలనుకునేవాణ్ణి.

ఒక తెల్లవారుజామున వల భుజాన వేసుకుని ఇసుకలో నడుస్తుంటే వెనక నుంచి వినపడింది.

"నాయనా!"

పడవ దగ్గరున్న వాళ్ళు బిత్తరపోయారు. నా భార్య పరిగెత్తుకొచ్చి పాప నోరు మూసింది. "అన్నీ నేర్పినాం గానీ, పిలవకూడదని నేర్పలేదయ్యా. తిట్టబాక" అంది. నేను వల కింద పడేశాను.

"చెయ్యి తియ్ మే. ఇంకోసారి పిలవనీ."

పిలిచింది. మళ్ళీ మళ్ళీ పిలిచింది. ఆ రోజు నేను వేటకు పోలేదు. పోయినవాళ్ళకు వంజరం చేప బాగా పడింది. "నీ కూతురి పిలుపు మాకు కలిసొచ్చింది అన్నా" అని ఆటపట్టించారు. పోయిన వాటా నాకు గుర్తు కూడా లేదు.

ఆ తర్వాత రోజూ పిలిచేది. రోజూ వేట మానితే పొయ్యి వెలగదు కదా! కన్నబిడ్డ పిలుపుకు దోషం లేదని నేనే ఒక కొత్త శాస్త్రం కనిపెట్టి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపి పోయేవాణ్ణి.

ఉప్పుగాలికో చెమటకో, పోయిన ఏడాది బయటి మిషను పాడైపోయింది. గ్యారంటీ దాటిపోయిందన్నారు. ఆపరేషన్ చేయించిన పథకంలో కొత్త మిషనుకు వీలు లేదట. పడవ ఇచ్చి తెడ్డు లాక్కున్నట్టుంది. అర్జీ పెట్టాం. ఎప్పుడు వెళ్ళినా "పైకి పంపినాం, రానీ చూద్దాం" అంటున్నారు. లోపలి పరికరం బాగానే ఉందట. అది మా బిడ్డ తలలో ఊరికే కూర్చుని ఉంది. తన మాట తనకే వినపడక పాప మాట్లాడడం తగ్గించింది. మెల్లగా మానేసింది.

ఈ ఉదయం కూడా తల్లి చెయ్యి పట్టుకుని ఒడ్డు దాకా వచ్చింది. నేను వల దించి, తలగుడ్డ విప్పి, మళ్ళీ కట్టుకున్నాను. అప్పటికే సరిగ్గా ఉన్న తలగుడ్డ అది. నా భార్యకు అర్థమైంది.

"పోయ్యా, వాళ్ళు కాచుకోని ఉండారు" అంది.

పడవ దాకా మెల్లిగా నడిచాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఈమధ్య రోజూ నాకు శకునం బాగానే ఉంటోంది.