ఖాళీ గడికి తగ్గిన బీపీ

మా అమ్మమ్మను ఆఫీసులో తప్పులమ్మ అంటారు. తప్పులు చేస్తుందని కాదు, అందరి తప్పులూ పట్టుకుంటుందని. కొత్త మందుల్ని రోగుల మీద పరీక్షించే డాక్టర్ల దగ్గర ఆవిడ ప్రోగ్రామరు. ఆసుపత్రుల నుంచి వచ్చే అంకెల్ని కంప్యూటర్ చేత లెక్కపెట్టించి, ఏ మాత్ర పనిచేసిందో పట్టిక తీసి ఇస్తుంది. రోగి మొహం ఎన్నడూ చూడదు. ఎక్కడైనా మగవాడు గర్భిణి అని పడిందా, అది రాసి పంపిన నర్సుకు ఫోన్ వెళ్ళవలసిందే. "ఆయనకి ఎన్నో నెలమ్మా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. చదువు మధ్యలో ఎగ్గొట్టి ఇంట్లో కూర్చున్న నా దగ్గర ఆ మర్యాద కూడా ఉండదు.

ఆ రోజు ఇంటి నుంచే పని. భోజనాల బల్ల మీద కంప్యూటర్, పక్కన చల్లారిన టీ. కొత్త బీపీ మాత్ర పాతదాని కన్నా మెరుగని అమ్మమ్మ పట్టిక అప్పటికే తేల్చేసింది. మర్నాడు పెద్ద డాక్టరు దాన్ని కమిటీ ముందు పెట్టాలి. వాళ్ళు సరేనంటే ఆ మాత్ర ఇంకా చాలామందికి ఇస్తారు.

"ఒసేవ్, ఇలా రా," అంది ఉన్నట్టుండి. "ఈ మనిషి ఒక్కసారి వచ్చి మళ్ళీ మొహం చూపించలేదు. ఈయనకి బీపీ ఎలా తగ్గిందే?"

"ఆసుపత్రికి రాలేదుగా, అందుకే తగ్గుంటుంది."

అమ్మమ్మ నవ్వలేదు. బీపీ నూట నలభై కన్నా తక్కువున్న వాళ్ళను తగ్గినవాళ్ళుగా లెక్కపెట్టమని ప్రోగ్రాములో రాసింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఖాళీ గడి అంటే అన్ని అంకెల కన్నా చిన్నది. కొలతే లేని వాళ్ళంతా బీపీ తగ్గినవాళ్ళలో చేరిపోయారు. కొత్త మాత్ర పడక మానేసినవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. ఖాళీలను పక్కన పెట్టమని ఒక్క ముక్క రాయడం మరిచింది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు ఆవిడే చెప్పే పాఠం అది.

ఆ ముక్క చేర్చి మళ్ళీ నడిపింది. రెండు మాత్రలూ సమానం.

"ఎవరికి తెలుస్తుందిలే అమ్మమ్మా."

"మింగేవాడికి తెలుస్తుంది," అని ఫోన్ తీసింది. చెవి కాస్త మందం కాబట్టి స్పీకర్ పెట్టింది.

"డాక్టర్ గారూ, పట్టిక తప్పు. తప్పు నాదే."



"రేపు మీటింగ్ పెట్టుకుని ఇవాళా చెప్పడం?"

"ఎల్లుండి చెప్పమంటారా?"

"అయితే మీరే వచ్చి చెప్పండమ్మా అందరికీ. నా వల్ల కాదు."

మర్నాడు వెళ్ళి చెప్పింది. ఇంటికొచ్చి సంచీ కుర్చీలో పడేసింది.

"తిట్టారా?"

"తిడితే బాగుండేది. థాంక్స్ చెప్పారు. ఇదివరకు నేనిచ్చిన పట్టికలన్నీ మళ్ళీ చూడమన్నారు. మొన్న చేరిన పిల్ల నా పక్కన కూర్చుని సరిచూస్తుందట."

"అన్నీనా?"

"అన్నీ. కొన్ని నువ్వు పుట్టకముందువి."

"వాటికి మాత్రం నన్ను తిట్టకు. నేనింకా లేను."

"ఉండి ఒరగబెట్టిందేముంది గనక," అంటూ కళ్ళద్దాలు తుడుచుకుని, అన్నిటికన్నా పాతదాన్ని తెరిచింది.