నడుస్తున్న రోజులు

ఆ పెట్టెని ఆపింది నేనే. పూజ కోసం ఆపానని చాలాకాలం అందరితో చెప్పాను, నాతో కూడా.

బావ నాకు మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా. మా వైపు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో, రాజమండ్రిలో నేను నడిపే ఇంటర్నెట్ సెంటర్ వెనక గదిలో, ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి సర్వర్ తయారుచేశాడు. ఆఫీసయ్యాక బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చేవాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్ కూడా లేదు. "ఇదేం కంప్యూటర్ బావా, చేతుల్లేని జగన్నాథస్వామిలా ఉంది!" అని ఏడిపించేవాణ్ణి.

"సర్వరంటే కాలవ లాకుల దగ్గర మనిషిరా. పడవ ఎప్పుడొస్తే అప్పుడు తలుపు తియ్యాలి. నిద్రపోతే కుదర్దు," అనేవాడు. కరెంటు పోయినా ఆగకూడదని రావులపాలెంలో అరటి లారీల పాత బ్యాటరీలు రెండు తెచ్చి యూపీఎస్‌కి తగిలించాడు.

ఇంత హంగామా ఒక్క పేజీ కోసం. ఆ ఉదయం రావులపాలెం మార్కెట్లో కర్పూర, చక్కెరకేళి, బొంత అరటి గెల ఎంత పలికిందో అందులో కనిపించేది. రైతులూ, తుని వ్యాపారులూ చూసుకునేవారు. అడుగున చిన్న అక్షరాల్లో "నడుస్తున్న రోజులు" అని ఒక అంకె ఉండేది. మెషిన్ చివరిసారి లేచిన దగ్గర్నుంచి ఎన్ని రోజులు ఆగకుండా నడిచిందో అదే లెక్కేసుకుని చూపించేది. రైతులకి దాంతో ఏం పని? బావ గొప్ప కోసం పెట్టుకున్నాడు. వాళ్లకి పిల్లల్లేరు. "మనవాడికి ఇవాళ్టికి అరవై రోజులు" అని ఇంటికెళ్లి అక్కతో చెప్పేవాడట.

మరుసటేడు ఉగాది వెళ్లాక కొత్త డిస్కు వేసి, అన్నీ మళ్లీ ఎక్కించి, తన చేత్తో మొదలుపెట్టాడు. ఆషాఢంలో పచ్చకామెర్లు ముదిరి పదిహేను రోజుల్లో పోయాడు. సర్వర్ మాత్రం ఆగలేదు.

నెల దాటాక ఒక సాయంత్రం అక్క గొడుగు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఆ అంకె చూపించరా," అంది. అప్పట్నుంచి రోజూ రావడం, కుర్చీ అంచున కూర్చోవడం, చూసుకుని వెళ్లిపోవడం. "మీ బావ పెట్టింది ఇంకా తిరుగుతోందిరా," అనేది. ఏదో పనున్నట్టు బయటికి పోయేవాణ్ణి.

దసరా వచ్చింది. అక్కా వాళ్లింట్లో ఏడాది తిరగలేదు కనుక పండగ లేదు. మాకుంది. ఆయుధపూజకి నాన్నగారు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని సెంటర్‌కి వచ్చారు. కంప్యూటర్లన్నీ ఆపి, తుడిచి, బొట్లు పెట్టాం. వెనక గదిలో ఫ్యాను చప్పుడు ఆయన చెవిన పడింది.

"అదేంట్రా, ఇంకా తిరుగుతోంది?"

"అది ఆపకూడదండీ నాన్నగారూ. కిందటేడు అది నడుస్తుండగానే బావ బొట్టు పెట్టాడు."

"ఏడాదికోసారి కాలవలకే నీళ్లు కట్టేస్తారు, నీ పెట్టె ఎంతరా! పనిచేసేదానికి ఒక్కరోజైనా విశ్రాంతి ఇవ్వాలి."

నేను మొండివాణ్ణి. నాన్నగారితో ఎన్నోసార్లు వాదించినవాణ్ణి. ఆరోజు వాదించలేదు. అక్క ఆ తెర ముందు కూర్చోవడం చూడలేకపోతున్నాను, ఒక్కరోజు అది లేకపోతే బాగుండునని ఉంది. అంకె సంగతి తట్టలేదు. తట్టనివ్వలేదేమో. ముందురోజు అక్క చూసుకెళ్లింది నూట ఎనభై ఒకటి. కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాను. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. నాన్నగారు బొట్టు పెట్టారు.

మర్నాడు మెషిన్ లేచింది, పేజీ రాలేదు. వెబ్ సర్వర్, డేటాబేస్ అన్నీ బావ చేత్తో మొదలుపెట్టినవే. వాటంతటవి లేచే ఏర్పాటు చెయ్యలేదు. రిపేరులో ఉందని అక్కకి ఫోన్ చేసి రావద్దన్నాను. సొరుగులో బావ నోటుబుక్కు దొరికింది. కమాండ్లన్నీ వరసగా రాసి, చివర ఒక మాట రాసుకున్నాడు: "మెషిన్ లేవగానే ఇవన్నీ వాటంతటవే మొదలవ్వాలి. ఇది బావమరిది చేత చేయించాలి. వాడికి పని రావాలి." ఆ గుండ్రటి గుమాస్తా రాత చూశాక ఏడుపాగలేదు. పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

రెండు రోజులు కూర్చుని, తప్పుల మీద తప్పులు చేసి, దిద్దుకుని, బావ చెప్పినట్టే పెట్టాను. సరిచూడ్డానికి మెషిన్ ఇంకోసారి ఆపి లేపాను. అన్నీ వాటంతటవే లేచాయి. పేజీ వచ్చింది, ధరలు వచ్చాయి. అడుగున సున్నా వచ్చింది.

ఆ సాయంత్రమే అక్క వచ్చింది.

"సున్నా ఏంట్రా?"

"పూజకి ఆపానక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పాత అంకె కలిపేస్తానక్కా. రెండు నిమిషాల పని."

"వద్దురా. అది మీ బావ మొదలెట్టింది. ఇది నువ్వు మొదలెట్టింది." పెట్టె మీద ఎండిపోయిన బొట్టుని వేలితో ఒకసారి తాకింది. "బానే ఉంది. నడుపుకో."

గొడుగు తీసుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగి, "రేపట్నుంచి రానులేరా. సాయంత్రాలు ఇంట్లో పనుంటోంది," అంది.

ఆ ఇంట్లో సాయంత్రాలు అక్కకి ఏ పనీ ఉండదని నాకు తెలుసు.