బాపు అగ్గిపెట్టె పరీక్ష

ఎనభైల్లో ఒక పొద్దున కరీంనగర్ బస్సులో మా బాపు ఒక అగ్గిపెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తీరు చూస్తే, ఏడు సంస్థానాల వజ్రాలు అందులోనే ఉన్నాయనుకోవాలి. ఉన్నది మాత్రం తెల్లారి ఆయన సొంతంగా తయారుచేసిన సరుకు. పక్కసీటాయన బీడీ నోట్లో పెట్టుకుని, "అన్నా, జర అగ్గిపెట్టె ఇయ్యవా?" అని చేయి చాపితే బాపు కిటికీలోంచి దూకబోయాడు.

అంతకుముందు ఏడాదే మా పెద్దబాపు పేగు క్యాన్సర్‌తో పోయాడు. అన్నకు వచ్చింది కాబట్టి తమ్ముడూ చూపించుకోవాలని డాక్టర్ పట్టుబట్టాడు. దొడ్డికి పోయినప్పుడు కంటికి కనిపించని రక్తం పోతుందేమో చూస్తారట. అందుకు మూడు రోజులు మాంసం మానాలి. మాంసం లేకుండా మా బాపు మూడు రోజులంటే, నీళ్లు లేకుండా గోదావరి మూడు రోజులు పారినట్టే. అయినా పారాడు.

రక్తం ఉందని తేలింది. హైదరాబాద్ పోయి లోపలికి గొట్టం వేయించుకుని చూపించుకోవాలన్నారు.

మా మరమగ్గం ఆగిపోయింది. దాని చప్పుడు లేక వాడకట్టు మొత్తానికి చెవుడొచ్చింది. పరామర్శకు వచ్చిన చుట్టాలు ఏడ్చిన ఏడుపుకు పక్కింటి బర్రె పాలివ్వడం మానేసింది. ఏడ్చి ఏడ్చి ఆకలై, రెండు గంపల అన్నం తిని పోయారు. అరుగు మీద పెద్దబాపు పడుకునే నులక మంచం ఉండేది. బాపు మాత్రం దానివైపు చూడకుండా గోడ పక్క నుంచి నడిచేవాడు.

హైదరాబాద్ బయలుదేరే ముందు అవ్వను, అంటే మా అమ్మను కూడా తీసుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

"మాంసం ముట్టలేదు గదా?" అన్నాడాయన.

"ఒట్టు సారూ, ఒక్క ముక్క ముట్టలే."

అవ్వ వత్తాసు పలికింది. "నిజమే సారూ. పానం గుంజుతుందంటే నేనే జరంత నల్ల వండి పెట్టిన, గంతే."

నల్ల అంటే, మేకను కోసేటప్పుడు పట్టిన రక్తం గడ్డకట్టాక ఉల్లిగడ్డ, కారం వేసి వేయించే కూర. మా ఇళ్లలో అది మాంసం కిందికి రాదు. అందులో బొక్క లేదు, ముక్క లేదు.

డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎన్నిసార్లు తిన్నడమ్మా?"

"పూటకింత."

"ఓ పెద్దాయనా! గీ పరీక్ష రక్తం ఉన్నదని చెప్తది గానీ, అది నీదా మేకదా అని చెప్పదు."

బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయితే క్యాన్సర్ మేకకా సారూ?"

డాక్టర్ నవ్విన నవ్వుకు బయట వరుసలో కూర్చున్న రోగుల్లో సగం మందికి జ్వరం దిగిపోయింది. "మేక ఎట్లాగూ పోయింది. నీ సంగతి మళ్ల చూద్దాం," అన్నాడు.

ఈసారి మాంసం లేదు, నల్ల లేదు, బోటీ లేదు. వరుసగా మూడు పొద్దుల సరుకు, మూడు అగ్గిపెట్టెలు. మూడింటిలోనూ రక్తం లేదు.

"అయితే నాకేం లేనట్టే గదా?"

"రక్తం లేదన్న, రోగం లేదనలే," అన్నాడు డాక్టర్. "లోపల గడ్డ ఉన్నా రోజూ రక్తం కారదు. ఒక్కోసారి పరీక్షకు దొరకదు. ఏటా రా. నడుమ కండ్లకు రక్తం కనవడ్డా, మనిషి సన్నవడ్డా ఏడాది దాకా ఆగకు."

ఆ సాయంత్రం బాపు పెద్దబాపు మంచం దులిపి, కాళ్లు చాపుకుని పడుకున్నాడు. మగ్గం మళ్లీ మోగింది. బర్రె సంగతి నేను కనుక్కోలేదు.

ఆ తర్వాత ఏటేటా బాపు మాట తప్పకుండా కరీంనగర్ పోయేవాడు. ఆ సంగతి మా వాడకట్టులో పండుగంత ప్రసిద్ధి. తిరుగు బస్సు దిగి నేరుగా మాంసం దుకాణం ముందు నిలబడితే, దుకాణదారు కత్తి పక్కన పెట్టి అడిగేవాడు.

"మామా, పరీక్షకు ఇచ్చి వచ్చినవా, ఇంకా పోవాల్నా?"

"ఇచ్చే వచ్చిన బిడ్డా."

"అవ్వ తోడు?"

"అవ్వ తోడు. నల్ల కట్టు."