తడి మీద టంకం

జనం మాస్కులు తీసి మళ్లీ ధైర్యంగా నోళ్లు తెరిచిన ఏడాది అది. ప్రొద్దుటూరులో పళ్ల వరస సరిచేసే నా ఆర్థోడాంటిక్ క్లినిక్‌కు జమ్మలమడుగు నుంచి బ్రహ్మయ్య వచ్చినాడు. చేసేది బంగారు పని. నలభై ఒక్కేళ్లొచ్చినా పైన ఎడమవైపు కోరపన్ను ఉండాల్సిన చోట పాలపన్నే ఉంది. అసలు కోర అంగిట్లో అడ్డంగా పడుకున్నట్టు ఎక్స్‌రేలో కనబడింది.

ఈ వయసులో బ్రేసెస్సా అనేవాళ్లతో నాకు రోజూ తగాదానే. చిగురు, ఎముక బాగుంటే నిదానంగానైనా పన్ను కదులుతుంది. ముందు బ్రేసెస్‌తో చోటు చేస్తాం. తర్వాత చిగుళ్ల సర్జన్ ఆ చోటికి మాత్రం మత్తిచ్చి, పాలపన్ను తీసి, చిగురు కోసి కోరను బయటపెడతాడు. దీన్ని ఎక్స్‌పోజర్ అంటాం. ఆ కోరకు నేను సన్నగొలుసున్న బటన్ అతికిస్తాను. చిగురు కుట్టేసి, గొలుసును తీగకు కట్టి నెలల తరబడి కిందికి లాగుతాం.

గొలుసు చూపిస్తే బ్రహ్మయ్య వేళ్ల మధ్య తిప్పినాడు. "బంగారు పూతే మేడమ్. అతుకులు మాత్రం శానా బాగున్నాయి."

"పెట్టేది నోట్లోప్పా, మెళ్లో కాదు."

కోసి బటన్ అతికించిన మూడో వారానికి ఊడిన గొలుసు చేత్తో పట్టుకొచ్చినాడు. పాలపన్ను పోయింది, కోర లోపలే ఉండిపోయింది. నగలు అతికేటప్పుడు మంట ఊదే ఊదుగొట్టం పట్టేది ఆ పక్కనే. సందులోంచి గాలి పోయి మంట నిలవడం లేదంట.

"ఏం కొరికినావు? చెరుకా?"

"జావే తాగుతాండా మేడమ్. ఒకటడుగుతా, కోప్పడొద్దు. ఆ పొద్దు అతికించేటప్పుడు నెత్తురు ఆగిందా?"

"పళ్ల డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే. అయినా మా నగల అతుకులోనూ తడి మీద టంకం పట్టదు గదా. మీరు తుడుస్తాండారు, మళ్లా తుడుస్తాండారు. బయట జనముండారని తొందరపడితిరి."

నాకు ఒళ్లు మండింది. వాదనకు ఆధారం దొరుకుతుందని బటన్‌ను లైటు కింద పెట్టి చూసినాను. జిగురంతా బటన్‌కే ఉంది. పన్నుకు పట్టనే లేదు. తప్పు నాదే.

"మళ్లీ కొయ్యాల. ఈసారీ ఊడితే ఆ పన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే" అన్నాను.

"కొయ్యండి. ఆరేదాకా ఆగండి, అంతే."

రెండోసారి గాజుగుడ్డ అదిమిపట్టి ఆగినాం. సర్జన్ గడియారం చూసినాడు, నేనూ చూసినాను. నోరు మెదపలేని బ్రహ్మయ్య నాలుకకు నెత్తురు రుచి తగులుతోందేమో, ఇంకా ఆగమన్నట్టు చెయ్యెత్తినాడు. ఆగినాం.

ఏడాదిన్నరకు కోర వరసలోకి వచ్చింది. ఊదుగొట్టం తెచ్చి నా ముందే ఊది చూపించినాడు.

అప్పటినుంచి, ఏ పన్నుకు ఏది అతికించబోయినా "ఆరిందా మేడమ్?" అని నా అసిస్టెంటు అడిగి తీరాలని నియమం పెట్టినాను. అడిగిన ప్రతిసారీ చిరాకేస్తుంది. అయినా ఆగుతాను.